ఆకు అడ్డం పడిన తూము



పడవ మునిగిందనగానే మన కళ్ల ముందు తుఫాను కదులుతుంది. కొండంత అలలు, చిరిగిన తెరచాప, విరిగిన కొయ్య. కానీ విహారానికి వాడుకునే చిన్న తెరచాప పడవలు ఎక్కువగా మునిగేది నడిసముద్రంలో కాదు, రేవులో. తాళ్లతో కట్టేసి, యజమాని ఇంట్లో నిద్రపోతుండగా, గాలి కూడా పెద్దగా లేని రాత్రి, ఓ మోస్తరు వానకు మునిగిపోతాయి. వాన నీరు బయటికి పోవలసిన తూము పూడిపోవడం అందుకు ఓ ముఖ్య కారణం. ఈ వేళ ఆ తూముల గురించి, వాటిని శుభ్రం చేసే పద్ధతి గురించి చెబుతాను.

నేనుండేది అమెరికా తూర్పు తీరాన, మేరీల్యాండ్ రాష్ట్రంలో. చెసపీక్ అఖాతం ఒడ్డున అనాపొలిస్ అనే ఊరుంది. తెరచాప పడవలకు పేరుపడ్డ ఊరు. వాగుల వెంట, పాయల వెంట వందల కొద్దీ పడవలు కట్టేసి ఉంటాయి. ఈమధ్య ఆ రేవుల్లో తెలుగు మాటలు కూడా వినిపిస్తున్నాయి. ముప్ఫై నలభై ఏళ్ల కిందటి పాత ఫైబర్‌గ్లాస్ పడవలు చౌకగా దొరుకుతాయి కనుక, మనవాళ్లు సరదాపడి కొనుక్కుంటున్నారు. తెరచాప ఎత్తడం, లంగరు వేయడం శ్రద్ధగా నేర్చుకుంటున్నారు. తూము సంగతి మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

ఇరవై రెండు అడుగుల పడవను ఊహించుకోండి. ముందు సగంలో చిన్న గది ఉంటుంది, నిటారుగా నిలబడే ఎత్తు కూడా ఉండదు. వెనక సగంలో, అంటే మన తెలుగు తీరంలో అమరం అనే వైపున, కప్పులేని చోటు ఒకటుంటుంది. దాన్నే కాక్‌పిట్ అంటారు. రెండు పక్కలా కూర్చునే బల్లలు, నడుమ కాళ్లు పెట్టుకునే గుంట. చుక్కాని పట్టేది అక్కడే, తాళ్లు లాగేది అక్కడే, పిల్లలు జంతికలు తినేదీ అక్కడే. అల ఎగిరిపడినా, వాన కురిసినా నీళ్లు చేరేది కూడా ఆ గుంటలోకే. గుంట అడుగు బయటి నీటిమట్టం కన్నా కాస్త ఎత్తులో ఉంటుంది. మూలల్లో రెండు తూములుంటాయి. వాటి కింద రబ్బరు గొట్టాలు, ఆ గొట్టాల చివర పడవ ఒంటికి తొలిచిన రంధ్రాలు, ఆ రంధ్రాలకు వాల్వులు. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. నీరు పల్లమెరుగు కనుక తనంతట తానే పోతుంది.

మన తెలుగు తీరపు పాత తెప్పలకు ఈ బాధే లేదు. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించిన తెప్ప మీద అల పడితే, నీళ్లు దుంగల సందుల్లోంచి దిగిపోతాయి, నిలవడానికి చోటుండదు. కూర్చోవడానికి గుంట కావాలనుకున్న చోటే తూము కూడా కావలసి వచ్చింది.

గుంట అడుగు బయటి నీటి కన్నా కాస్త ఎత్తు అన్నానే, చిన్న పడవల్లో అది నిజంగా కాస్తే. కొన్ని అంగుళాలు. నలుగురు పెద్దవాళ్లు వెనక బల్లల మీద చేరితే అమరం కిందికి దిగి, గుంట అడుగు బయటి నీటితో సమానమవుతుంది. అప్పుడు తూములోంచి నీళ్లు పైకి ఉబికి పాదాలు తడుస్తాయి. కొత్తగా పడవ కొన్నవాళ్లు అది చూసి హడలిపోతారు. ఇద్దరిని ముందుకు పంపండి. నీళ్లు వాటంతటవే దిగిపోతే తూముకు ఏ రోగమూ లేదు, అది బరువు తెచ్చిన తడి. మనుషులు ముందుకు వెళ్లినా నీళ్లు కదలకపోతే అప్పుడు పూడిందని అర్థం.

నిలిచిన నీటి బరువు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. మీటరున్నర పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పు, నలభై సెంటీమీటర్ల లోతు గల గుంట నిండితే 360 లీటర్లు. అంటే 360 కిలోలు. ఐదుగురు మనుషులు వచ్చి ఒక్క చోట, అదీ పడవ చివర, కూర్చున్నట్టు. ఈ తరగతి పడవ మొత్తం బరువే ఒక టన్ను అటూ ఇటూ ఉంటుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. కాక్‌పిట్‌తో పాటు గది కప్పు మీది నీళ్లు, పక్క బల్లల మీది నీళ్లు కూడా చాలా పడవల్లో ఈ గుంటలోకే జారతాయి. ఐదారు చదరపు మీటర్ల మేర పడిన నీరు ఒక్క చోట చేరితే, అరవై డెబ్బై మిల్లీమీటర్ల వానకే గుంట నిండుతుంది. మేరీల్యాండ్‌లో వేసవి చివర తుఫాను తోక తగిలితే అంత వాన ఒక్క పూటలో పడుతుంది.

నిండాక జరిగేది నిదానంగా జరుగుతుంది, అందుకే ఎవరి కంటా పడదు. ముందు అమరం కిందికి దిగుతుంది. గుంట అడుగు బయటి నీటిమట్టం కన్నా కిందికి పోతుంది. ఆ తర్వాత తూము తెరుచుకున్నా లాభం లేదు, నీరు బయటికి పోదు, లోపలికి వస్తుంది. బల్లల కింద సామాను పెట్టుకునే అరలుంటాయి. వాటి మూతలు వాన చినుకుల్ని ఆపుతాయి కానీ నిలిచిన నీటిని ఆపలేవు. నీరు మూతల అంచుల్లోంచి పడవ కడుపులోకి కారుతుంది. అక్కడి చిన్న కరెంటు పంపు పనిచేయడం మొదలుపెడుతుంది. బ్యాటరీలో శక్తి ఉన్నంతసేపు తోడుతుంది, రెండో రోజో మూడో రోజో ఆగిపోతుంది. యజమాని శనివారం వచ్చేసరికి తెరచాప కొయ్య ఒక్కటే నీటి పైన కనిపిస్తుంది. మా రేవులో ఒకరి పడవ ఇలాగే సగం మునిగింది. నీళ్లు తోడి చూస్తే తూము నోటికి అంటుకుని ఒక సికమోర్ చెట్టు ఆకు, దాని మీద చాక్లెట్ చుట్టిన ప్లాస్టిక్ ముక్క ఉన్నాయి. ఆయన పడవను ప్రాణంగా చూసుకునే మనిషి. ఆ రెండిటినీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

ఇక్కడ పూడికకు ఋతువులున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో ఓక్ చెట్లు పూస్తాయి. వాటి పూత దారప్పోగుల్లా వేలాడుతూ రాలి, పసుపు పుప్పొడితో కలిసి, తడిస్తే చాపలా అల్లుకుపోతుంది. నా దృష్టిలో శరత్కాలపు ఆకుల కన్నా ఇదే ప్రమాదం. ఆకు పెద్దది కనుక కంటికి కనబడుతుంది, పూత తూము నోటికి పెట్టిన జాలీ దాటి గొట్టంలోకి దిగి మెలికల దగ్గర ముద్దగా తయారవుతుంది. వేసవిలో పడవను నీటిలోంచి తీసి బండి మీద ఒడ్డున పెట్టేవాళ్లకు మట్టి కందిరీగల బెడద. పొడిగా ఉన్న ఏ రంధ్రం కనబడినా అవి మట్టితో గూడు కట్టేస్తాయి. ఆస్ప్రే అనే చేపల గద్దలు ఈ అఖాతంలో చాలా ఎక్కువ. కొయ్య పైన గూడు కట్టబోయి పుల్లలు జారవిడుస్తాయి, సగం తిన్న చేప పడేస్తాయి. నీటి కింది రంధ్రాల్లో బార్నకిల్స్ అనే గట్టి పెంకుల జీవులు అతుక్కుని పెరుగుతాయి. అక్టోబరు, నవంబరు ఆకుల సంగతి చెప్పనక్కర్లేదు. ఇక మన చేతి చలవ కూడా ఉంటుంది: తాళ్ల పీచు, తలవెంట్రుకలు, సీసా మూతలు, పెన్సిల్ ముక్కలు, ఇందాకటి జంతికలు. చలికాలంలో పూడిన తూములో నిలిచిన నీరు గడ్డకడితే ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అది చాలు, వాల్వు పగలడానికి. పగిలిన సంగతి మంచు కరిగినప్పుడే తెలుస్తుంది.

కంటికి కనిపించే చెత్త కాక, కనిపించనిది పాచి. 38 మిల్లీమీటర్ల గొట్టం లోపల చుట్టూరా ఆరు మిల్లీమీటర్ల మందాన జిగట పేరుకుందనుకోండి. మిగిలిన దారి 26 మిల్లీమీటర్లు. వినడానికి పెద్ద తేడా అనిపించదు. కానీ నీరు పోయేది వైశాల్యంలోంచి కనుక, దారి సగం కన్నా తక్కువైపోయినట్టు. తూము పూడలేదు, నీరు పోతూనే ఉంది, పనితనం మాత్రం సగానికి పడిపోయింది.

చాలా పడవల్లో గొట్టాలను అడ్డంగా దాటిస్తారు. ఎడమ తూము నీరు కుడివైపు రంధ్రంలోంచి, కుడి తూము నీరు ఎడమవైపు రంధ్రంలోంచి పోతుంది. గాలికి పడవ ఎడమకు ఒరిగితే నీళ్లు ఎడమ మూలకు చేరతాయి, ఎడమ రంధ్రం లోతుకు పోతుంది. కుడి రంధ్రం పైకి లేస్తుంది కనుక అందులోంచి సముద్రం తిరిగి లోపలికి ఎగదన్నదు. తెలివైన ఏర్పాటే. అయితే గొట్టాలు పొడవవుతాయి, వాలు తగ్గుతుంది, నడుమ ఎక్కడో ఒక చోట కిందికి సాగి వేలాడతాయి. బురద అక్కడే దిగుతుంది. మీ పడవలో గొట్టాలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో ఒకసారి అర లోపల తల పెట్టి, లైటు వేసి చూసుకోండి. ఏ తూము పూడిందో తెలిసినా, దాని చివర ఏ వైపుందో తెలియకపోతే బయటి నుంచి వెతకడం కష్టం.

జాలీ గురించి నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. తూము నోటికి సన్న కన్నాల జాలీ పెట్టడం మంచిది కాదు. చెత్త లోపలికి పోకూడదని పెడతారు, కానీ ఒక్క వెడల్పాటి ఆకు చాలు, దాన్ని పూర్తిగా మూసేయడానికి. పైన నీటి బరువు పడే కొద్దీ ఆకు ఇంకా గట్టిగా అంటుకుంటుంది. సముద్రపు పందేలకు వెళ్లే పడవల భద్రతా నియమాలు ఈ సంగతి గుర్తించాయి. ఎనిమిదిన్నర మీటర్ల లోపు పడవకు 25 మిల్లీమీటర్ల తూములు కనీసం రెండు, అంతకు మించిన పడవకు 20 మిల్లీమీటర్లవి కనీసం నాలుగు, లేదా వాటికి సమానమైన దారి ఉండాలంటాయి. ఆ లెక్క జాలీ అడ్డం పోగా మిగిలిన ఖాళీకి. ఆ నియమాల్ని రాసినవాళ్లకు సముద్రం తెలుసు. 1979 ఆగస్టులో ఇంగ్లండ్ దగ్గర ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు బయల్దేరితే, తుఫానులో చిక్కి పందెంలోని 15 మంది నావికులు చనిపోయారు. పడవ నడిపేవాళ్లు భద్రత గురించి ఆలోచించే తీరునే ఆ రాత్రి మార్చేసింది. పెద్ద అల కాక్‌పిట్‌ను నింపితే, ఆ నీరు తర్వాతి అల వచ్చేలోగా పోవాలి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి అనే తెరచాప పడవలో బయల్దేరి, భూగోళం చుట్టి 2018 మేలో తిరిగొచ్చిన ఆరుగురు భారత నౌకాదళ అధికారిణుల్లో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ మహాసముద్రంలో అలల కింద తడిసిన వాళ్లకు తూము విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక పరీక్ష. తూమును చూసి బాగుందనుకోకండి, నీళ్లు పోసి చూడండి. బకెట్టు నీళ్లు గుంటలో పోసి, ఎంతసేపట్లో పోయాయో గడియారం చూసుకోండి. శుభ్రంగా ఉన్నప్పుడు పట్టే సమయం అర తలుపు లోపల పెన్నుతో రాసిపెట్టుకుంటే, తర్వాత తేడా ఇట్టే తెలుస్తుంది. రెండు తూముల్నీ విడివిడిగా పరీక్షించాలి. ఒకదాని నోట్లో తడి గుడ్డ కుక్కి, రెండోదాన్ని చూడాలి. ఈ ఒక్క మాట కోసమే ఈ ప్రసంగం ఒప్పుకున్నానన్నా తప్పు లేదు. ఎందుకంటే, రెండిటిలో ఒకటి పూర్తిగా పూడిపోయినా, రెండోది నీటిని తీసేస్తూ ఉంటుంది. నెలల తరబడి మనకు అనుమానమే రాదు. ఆ రెండోదాని మీద ఆకు పడిన రోజున ఆదుకోవడానికి ఏదీ మిగలదు. పరీక్ష అయ్యాక గుడ్డ తీసేయడం మరవకండి.

శుభ్రం చేసే పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఈ గొట్టం పడవ లోపల ఉంది, దాని చివర సముద్రం ఉంది. తూము పూడితే వాన ముంచుతుంది, గొట్టం ఊడితే సముద్రం ముంచుతుంది. నీటిమట్టానికి ఒక అడుగు కింద 38 మిల్లీమీటర్ల రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి సుమారు వంద లీటర్లు లోపలికి వస్తాయి. చిన్న పడవల్లో ఉండే పంపు, అన్నీ కుదిరినప్పుడు, నిమిషానికి ముప్ఫై లీటర్లు తోడుతుంది. అందుకని ఈ పనిలో బలం చూపించకూడదు.

ముందు గుంటలో నిలిచిన నీళ్లు మగ్గుతో తోడేయండి. పొరపాటున గొట్టం ఊడితే ఆ నీళ్లన్నీ పడవ కడుపులోకే పోతాయి. తర్వాత అర తెరిచి, గొట్టం రెండు కొసలా క్లిప్పులు చూడండి. తుప్పు పట్టాయా, గొట్టం పగుళ్లిచ్చిందా, నొక్కితే మెత్తగా ఉందా. గట్టిగా ఉంటేనే ముందుకు వెళ్లండి. జాలీ విప్పి, వేళ్లకు అందినంత చెత్త చేత్తో తీయండి. చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది.

కాకపోతే, నెట్టకండి, లాగండి. ఆకు ఎటు నుంచి పోయిందో అటు నుంచే రావాలి. కర్రతో పొడిస్తే చెత్త ఇంకా లోపలికి పోయి మెలిక దగ్గర బిగుసుకుంటుంది. ఇళ్లలో సింకులకు వాడే రబ్బరు ప్లంజర్ తీసుకుని, తూము నోటి మీద కొంచెం నీటితో ఆనించి, మెల్లగా నొక్కి చురుగ్గా పైకి లాగాలి. కొన్ని పడవల్లో రెండు గొట్టాలు కలిసి ఒకే రంధ్రంలోకి పోతాయి. అలాంటప్పుడు రెండో తూముకు గుడ్డ అడ్డం పెట్టకపోతే గాలి అటు తప్పించుకుంటుంది. రేవులో కరెంటుంటే, నీటిని కూడా పీల్చే వ్యాక్యూమ్ యంత్రం ఇంకా మంచిది. బయటి రంధ్రం నీటిమట్టానికి పైన ఉన్న పడవలైతే, అటు నుంచి తోట గొట్టంతో మామూలు ఒత్తిడిలో నీళ్లు పెడితే పూతముద్ద తూము నోట్లోంచి పైకి వస్తుంది. అది బయటపడ్డప్పుడు కలిగే తృప్తి చేసి చూస్తే కానీ తెలియదు.

ప్లంబర్లు వాడే స్ప్రింగు తీగ ఆఖరున, అదీ చేత్తో మెల్లగా తిప్పుతూ. పాత గొట్టాల లోపలి పొర ఊడి రెపరెపలాడుతూ ఉంటుంది. ఒక్కోసారి ఆ పొరే మూతలా అడ్డం పడుతుంది. తీగ తగిలితే చిరుగుతుంది. అలాంటి గొట్టాన్ని ఎంత శుభ్రం చేసినా ఉపయోగం లేదు, మార్చాల్సిందే. పాచికి గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు చాలు. వంటింటి సింకులో పోసే మందులు, యాసిడ్లు ఇక్కడ వద్దు. గొట్టాన్నీ వాల్వునీ తింటాయి, ఆ తర్వాత నేరుగా చేపల మధ్యకు పోతాయి. కంప్రెసర్ గాలి అసలే వద్దు. ఆ ఒత్తిడికి క్లిప్పు జారి గొట్టం ఊడిపోవచ్చు. బార్నకిల్స్‌ను బయటి నుంచి చెక్క పుల్లతో గీకాలి. ఏడాదికోసారి పడవను నీటిలోంచి తీసి, అడుగుకు రంగు వేసేటప్పుడు, రంధ్రం లోపలి అంచుకు కూడా వేలు పోయినంత మేర ఆ రంగు పూస్తే మళ్లీ తొందరగా పట్టవు.

గొట్టం విప్పాల్సి వస్తే ముందు వాల్వు మూయాలి. వాల్వు తిరగకపోతే బలవంతం చేయకండి, విరిగితే అదొక పెద్ద రంధ్రం. పడవ ఒడ్డెక్కేదాకా ఆగండి. ప్రతి వాల్వు పక్కనా దానికి సరిపోయే మెత్తటి చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచడం పాత నావికుల అలవాటు. ఖరీదు ఒక కాఫీ డబ్బు కూడా ఉండదు, కొత్త గొట్టంతో పాటు అదీ కొనండి. క్లిప్పులు స్టెయిన్‌లెస్ స్టీలువి, ఒక్కో కొసకు రెండేసి.

ఇంకొక మాట, ఇది ముఖ్యంగా జాగ్రత్తపరులకు. పడవ వదిలి వెళ్లేటప్పుడు నీటి కింది వాల్వులన్నీ మూసేయాలని పుస్తకాలు చెబుతాయి. అది మరుగుదొడ్డికి, ఇంజనుకు, సింకుకు సరైన మాట. కాక్‌పిట్ తూముల వాల్వులు మాత్రం తెరిచే ఉంచాలి. అవి మూసి వెళ్లడమంటే, మన చేతులతో మనమే తూములు పూడ్చి వెళ్లడం. ఆ రెండు వాల్వుల పిడులకు ఎర్ర టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. పడవను బండి మీద ఒడ్డున పెట్టేవాళ్లు ముందు భాగం కాస్త ఎత్తి పెడితే నీళ్లు వెనక తూముల వైపు పోతాయి.

మనవాళ్లు డిసెంబరులోనో, పిల్లల వేసవి సెలవుల్లోనో నాలుగైదు వారాలు ఇండియా వెళ్తారు. కారు తాళాలు, ఇంటి తాళాలు స్నేహితులకు ఇస్తారు. పడవ ఉన్నవాళ్లు పక్క పడవ ఆయనకు కూడా ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి. పెద్ద వాన పడిన మర్నాడు ఒకసారి వచ్చి, కాక్‌పిట్‌లో నీళ్లున్నాయేమో చూడమనండి. గది తాళంతో పని లేదు. బల్ల కింద అరలో ఒక మగ్గు, ప్లంజర్ పెట్టి, అవి ఎక్కడున్నాయో ఆయనకు చూపించి వెళ్లండి. ఆయన ఊరెళ్లినప్పుడు ఆయన పడవ మీరు చూడండి.